మంట దారి తప్పితే

పామర్రు కూడలి. బందరు పోయే 65వ నంబరు జాతీయ రహదారి నుంచి గుడివాడ, భీమవరం వైపు 165వ నంబరు రహదారి చీలేది ఇక్కడే. సంక్రాంతి వారంలో ఓ రాత్రి పూట ఇక్కడి టీ బడ్డీ దగ్గర కాసేపు నిలబడితే ఈ దృశ్యం కంటపడుతుంది. గుడివాడ వైపు నుంచి ఓ చిన్న కారు దూసుకొస్తుంది. మలుపు దగ్గరపడగానే నడిపే కుర్రాడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. ఢాం! ఆ వెనకే ఇంకో రెండు. టైరు పేలిందేమోనని టీ తాగేవాళ్ళు తల తిప్పుతారు. పడుకున్న కుక్కలు లేచి నిలబడతాయి. కారు మాత్రం మలుపు తిరిగి వెళ్ళిపోతుంది.

పేలింది టైరు కాదు. సిలిండర్లో కాలాల్సిన పెట్రోలు అక్కడ కాలకుండా గడప దాటి, సైలెన్సర్ గొట్టంలో అంటుకుంది. షెడ్లలో దీన్ని బ్యాక్‌ఫైర్ అంటారు. ఇంజినీరింగ్ చదివినవాళ్ళు ఇంకొంచెం విడదీస్తారు. గాలి పీల్చుకునే ఇన్‌టేక్ వైపు వెనక్కి కొడితే బ్యాక్‌ఫైర్, పొగ పోయే దారిలో పేలితే ఆఫ్టర్‌ఫైర్. ఇది పేర్ల పట్టింపు కాదు. ఇన్‌టేక్ వైపు కొడితే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనో, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందనో, వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదనో వెతకాలి. సైలెన్సర్లో పేలితే కాలని పెట్రోలు అక్కడిదాకా ఎలా వచ్చింది, దాన్ని కాల్చే గాలి ఎక్కడ దొరికింది అని వెతకాలి. శబ్దం ఎటు నుంచి వచ్చిందో తేలకముందే విడిభాగాలు మార్చడం మొదలుపెడితే కారు యజమాని జేబు ఖాళీ అవుతుంది, పేలుడు మాత్రం అలాగే ఉంటుంది.

డెల్టా షెడ్లకు తరచూ వచ్చే బాపతు కారునే ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్. ఫ్యాక్టరీ సైలెన్సర్‌నూ, పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్‌నూ తీసేసి వెడల్పాటి గొట్టం వేశారు. గాలి ఫిల్టర్ మార్చారు. తర్వాత ఎవరో లాప్‌టాప్ తగిలించి ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, పెట్రోలు పోసే లెక్కలూ నిప్పు పెట్టే లెక్కలూ ఉన్న కొత్త మ్యాప్ ఎక్కించారు. మొదటి నెల పికప్ అదిరింది. ఆ తర్వాత ఐడిలింగ్‌లో వణుకు, మైలేజీ తగ్గుదల, కాలు తీసినప్పుడల్లా పేలుడు.

‘‘అన్నా, మ్యాప్ తేడా కొట్టినట్టుంది. మళ్ళీ వేయిద్దామా?’’ అంటాడు కుర్రాడు.

‘‘మ్యాప్ సంగతి తర్వాత తమ్ముడూ. ముందు సైలెన్సర్ జాయింటు చూడనియ్యి,’’ అంటాడు అనుభవమున్న మెకానిక్.

ఈ రెండో మాటలో ఉన్న వరసే ఈ విద్యకు ప్రాణం. లాప్‌టాప్ చివరికి రావాలి. అంతకుముందు గొట్టాలు, గాస్కెట్లు, ప్లగ్గులు, కాయిళ్ళు, పెట్రోలు పీడనం, ఇవన్నీ నిజం చెప్పాలి. అవి అబద్ధం చెబుతున్నప్పుడు చేసిన ట్యూనింగ్ ఆ అబద్ధాన్నే ఈసీయూలో రాసి పెడుతుంది.

ఆ అబద్ధం ఎలా పుడుతుందో తెలియాలంటే ఇంజిన్ లెక్క కొంచెం చూడాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో చెబితే ఒక్క లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్లో సెకనుకు 25 సార్లు మంట పుట్టి ఆరాలి. ప్రతిసారీ గాలీ పెట్రోలూ ఆ పాళ్ళలోనే కుదిరాయా అని కనిపెట్టేది సైలెన్సర్ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సార్. అది చూసేది పెట్రోలును కాదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను. ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తే ‘పెట్రోలు చాలడం లేదు’ అని ఈసీయూకు కబురు పంపుతుంది. ఈసీయూ దాన్ని నమ్మి ఇంజెక్టర్లను ఇంకాస్త ఎక్కువసేపు తెరుస్తుంది.

ఇప్పుడు ఆ సెన్సార్‌కు ముందున్న జాయింటులో వెంట్రుకవాసి సందు ఉందనుకుందాం. పొగ గొట్టంలో పీడనం ఎప్పుడూ ఒకేలా ఉండదు. తోపు తోపుగా వస్తుంది, ఒక తోపుకూ మరో తోపుకూ మధ్య క్షణకాలం బయటి వాతావరణం కంటే తగ్గుతుంది. ఆ క్షణంలో సందు గుండా బయటి గాలి లోపలికి పోతుంది. సెన్సార్ కంటికి ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. పెట్రోలు నిజానికి సరిపోయినంత ఉన్నా ఈసీయూ ఇంకా పోస్తుంది. అదనపు పెట్రోలు సిలిండర్లో కాలక గొట్టంలోకి వస్తుంది, అక్కడ అదే సందులోంచి వచ్చిన తాజా గాలి దానికి తోడవుతుంది. గొట్టం వేడి ఎలాగూ ఉంది. పేలుడుకు కావలసిన మూడూ ఒకచోట చేరాయి.

అంటే ఒకే కన్నం రెండు పనులు చేసింది. పెట్రోలును పిలిచిందీ అదే, గాలిని తెచ్చిందీ అదే.

బందరులో, దివిసీమలో ఈ కన్నాలు పడటానికి ప్రత్యేకంగా ఒక కారణం ఉంది. గిలకలదిండి హార్బరు దగ్గరో, మంగినపూడి తీరాన్నో, నాగాయలంక, కోడూరు ఊళ్ళలోనో ఒక ఇనుప గేటును రంగు వేయకుండా వదిలేస్తే ఏమవుతుందో అక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. ఉప్పు గాలి ఇనుమును తినేస్తుంది. ఫ్యాక్టరీ సైలెన్సర్లకు సాధారణంగా తుప్పును కొంత తట్టుకునే స్టీలు వాడతారు. బయట చేయించే గొట్టాల్లో మామూలు ఇనుపవి ఎక్కువ. చూపుకు మెరుస్తున్నా, వెల్డింగ్ చేసిన అతుకు దగ్గర పైపొర కాలిపోయి ఉంటుంది. తుప్పు మొదట పట్టేది అక్కడే. రెండు వానాకాలాలు గడిచేసరికి ఫ్లాంజి ముఖం గుంటలు పడి గాస్కెట్ కూర్చోదు. లోతట్టున ఉన్న గుడివాడలో నాలుగేళ్ళు నిలిచిన గొట్టం కోడూరులో అంతకాలం నిలుస్తుందని ఆశించలేం.

కన్నం పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రాత్రంతా ఆగి చల్లబడ్డ ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ చివర కొన్ని క్షణాలు అదిమి పట్టాలి. జాయింట్ల మీద సబ్బునీళ్ళు చల్లితే సందు ఉన్నచోట నురుగు లేస్తుంది, చెవికి ‘చుయ్’మని వినిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ఇనుము వ్యాకోచించి చిన్న సందులు మూసుకుంటాయి కాబట్టి ఈ పరీక్ష మధ్యాహ్నం పనికిరాదు. అతుకు పక్కన నల్లటి మసి చార కనిపించినా అనుమానించాల్సిందే. పెద్ద షెడ్లలో అయితే పొగ యంత్రం పెట్టి, ఇన్‌టేక్ వైపు కూడా ఎక్కడైనా గాలి దొంగతనంగా దూరుతోందేమో చూస్తారు.

ఆ తర్వాత స్కానర్. కోడ్ చదివి వదిలేస్తే సగం పనే. పి0171 అని వస్తే ‘మిశ్రమంలో పెట్రోలు తక్కువ’ అని అర్థం. కానీ పైన చెప్పుకున్న కారులో పెట్రోలు ఎక్కువై పేలుతుంటే కూడా ఇదే కోడ్ రావచ్చు, ఎందుకంటే సెన్సార్ మోసపోయింది. ఆ కోడ్ చూసి పెట్రోలు పెంచిన మ్యాప్ వేయిస్తే ఎరిగి ఎరిగి నిప్పులో నెయ్యి పోసినట్టే. కోడ్ కంటే విలువైనవి ఫ్యూయెల్ ట్రిమ్ అంకెలు. మ్యాప్‌లో రాసిన దానికంటే ఈసీయూ ఎంత శాతం ఎక్కువ పోస్తోంది, ఎంత తగ్గిస్తోంది అన్నది ఇవి చెబుతాయి. సున్నాకు అటూ ఇటూ ఐదు శాతంలోపు ఉంటే దిగులు లేదు. పది దాటితే ఏదో ఉంది. ఐడిలింగ్‌లో ప్లస్ 15 ఉండి, ఇంజిన్ వేగం పెంచేకొద్దీ సున్నా వైపు దిగివస్తే గాలి లీకు. ఐడిలింగ్‌లో బాగానే ఉండి, బరువుతో వేగం అందుకునేటప్పుడు పెరిగితే పెట్రోలు పంపు అలసిపోయిందనో, ఫిల్టర్ మూసుకుపోయిందనో అర్థం. ఈ ఒక్క తేడా తెలిసిన మెకానిక్ ఎన్ని పంపులు, ఎన్ని ఇంజెక్టర్లు అనవసరంగా మారకుండా ఆపగలడో ఊహించవచ్చు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన రోజుల్లో ఇవేవీ లేవు. కార్బురేటర్ మీద చిన్న స్క్రూ, దాన్ని తిప్పే చెయ్యి, వినే చెవి. అర చుట్టు లోపలికి, పావు చుట్టు బయటికి. ఇంజిన్ గొంతు సమంగా పలికేదాకా తిప్పేవారు. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని వచ్చి గుడివాడ, బందరు, అవనిగడ్డల్లో షెడ్లు పెట్టుకున్న తరానికి ఆ చెవి ఇంకా ఉంది. కార్లలోకి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చాక స్క్రూలు పోయి సెన్సార్లు మిగిలాయి. 2017లో దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక వాటి పెత్తనం ఇంకా పెరిగింది. ఆ చెవి మాత్రం వృథా కాలేదు. ఒక సిలిండర్ మిస్ అవుతుంటే వచ్చే కుంటి లయను స్కానర్ కంటే ముందే పట్టేవాళ్ళున్నారు. గుడివాడ లాంటి ఊళ్ళలో ఇప్పుడు కావలసింది ఆ పాత చెవినీ కొత్త లాప్‌టాప్‌నూ ఒకే బానెట్ ముందు నిలబెట్టడం. తండ్రి వింటే కొడుకు అంకెలు చదవడం.

కార్బురేటర్ కార్లను ప్రేమగా కాపాడుకునేవాళ్ళకు ఇంకో చిక్కు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. అక్కడ సరిగ్గా కుదిర్చిన స్క్రూ బందరు చేరేసరికి చిక్కటి గాలికి పెట్రోలు కాస్త తక్కువైపోతుంది. మే నెలలో ఒళ్ళు జిడ్డోడే ఉక్కలోనైతే పీల్చే గాలిలో మూడు నాలుగు శాతం ఉత్త నీటి ఆవిరే కావచ్చు, ఆ మేరకు ఆక్సిజన్ తగ్గుతుంది. ఇంజెక్షన్ కార్లు దీన్ని చాలావరకు తమంతట తామే సరిచేసుకుంటాయి. స్క్రూ సరిచేసుకోలేదు.

పెట్రోలు కూడా మునుపటిది కాదు. 20 శాతం ఎథనాల్ కలిపిన ఇ20ని 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభించారు. 2025కల్లా అది దేశమంతటా బంకుల్లోకి వచ్చేసింది. డెల్టాకు ఇది పరాయి సరుకేమీ కాదు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతుకు, ఆ చెరకు పిప్పీ మొలాసిస్ వాసనా చిన్నప్పటి నుంచీ తెలుసు. అలాంటి మొలాసిస్ పులిసి పుట్టే సారాయి కూడా శుద్ధి అయి పెట్రోలులో కలుస్తోంది. రసాయనశాస్త్రం లెక్క మాత్రం మారింది. ఒక కిలో ఎథనాల్ కాలడానికి తొమ్మిది కిలోల గాలి చాలు. అందువల్ల ఇ20కి పాళ్ళు 14.7 నుంచి 13.5 దగ్గరకు దిగుతాయి. తిరగేసి చెబితే అంతే గాలికి ఎనిమిది, తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్ ఆ తేడాను పూడుస్తుంది. కాలు పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో ఈసీయూ సెన్సార్ మాట పక్కన పెట్టి మ్యాప్‌లో రాసిందే పాటిస్తుంది. ఎథనాల్ లేని పెట్రోలుకు రాసిన పాత మ్యాప్ అయితే సరిగ్గా అక్కడే, ఇంజిన్ అత్యంత వేడిగా ఉన్నప్పుడే, మిశ్రమం పలచబడుతుంది. టర్బో ఇంజిన్‌కు అది ప్రమాదం. పలచని మిశ్రమం ఒక్కోసారి నిప్పు అందుకోదు. అందుకోని ఆ పెట్రోలు కూడా సైలెన్సర్లోకే వచ్చి పేలుతుంది. పేలుడు విని ‘పెట్రోలు ఎక్కువైంది’ అని కళ్ళు మూసుకుని తీర్మానించకూడదు అనేది ఇందుకే.

ఎథనాల్‌ను దొంగను చేయడమూ న్యాయం కాదు. ఇ20 ఆక్టేన్ 95, ఇంజిన్ తలుపు కొట్టినట్టు ‘టకటక’లాడే నాకింగ్‌ను బాగా ఆపుతుంది. సరిగ్గా ట్యూన్ చేసిన టర్బో కారుకు అది మేలే. దాని అసలు బలహీనత నీరు. ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఒక హద్దు దాటితే పెట్రోలును వదిలేసి నీళ్ళతో జతకట్టి ట్యాంకు అడుక్కి చేరుతుంది. పంపు ముందుగా లాగేది ఆ అడుగు సరుకునే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పరవళ్ళు తొక్కినప్పుడు విజయవాడ వీధుల నుంచి దివిసీమ లంకల దాకా నీళ్ళు నిలిచాయి. అలా మునిగిన బండ్లకు ట్యాంకులో నీళ్ళు, కనెక్టర్లలో తడి, ఆపైన పచ్చటి చిలుము పట్టడం మామూలు. ఇలాంటి కారులో పేలుడు వస్తే ముందు ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కాస్త పెట్రోలు తీసి ఓ గంట కదపకుండా ఉంచాలి. అడుగున వేరే పొర తేలితే ఇక మ్యాప్ గురించి మాట్లాడాల్సిన పనే లేదు.

ఇవన్నీ దాటాక ప్లగ్గులు. విప్పి వరసగా పేర్చితే నాలుగు సిలిండర్ల జాతకం కనిపిస్తుంది. లేత ఇటుక రంగు ఉంటే బాగున్నట్టు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం లాంటి తెలుపు ఉంటే మిశ్రమం పలచన, వేడి ఎక్కువ. మూడు ఇటుక రంగులో ఉండి ఒక్కటే నల్లగా, తడిగా ఉంటే అది మ్యాప్ తప్పు కానే కాదు, ఆ ఒక్క సిలిండర్ కాయిలో ఇంజెక్టరో చూసుకోవాలి. టర్బో పీడనం పెంచిన కారులో ప్లగ్ సందు ఫ్యాక్టరీ కొలతలోనే ఉంచితే నిప్పురవ్వ ఆ ఒత్తిడికి ఆరిపోవచ్చు. అందుకే ట్యూనర్లు సందు కాస్త తగ్గిస్తారు. పదో వంతు మిల్లీమీటరు తేడాతో తీరిపోయే మిస్‌ఫైర్‌కు కొత్త ఇంజెక్టర్లు కొనిపించిన సందర్భాలుంటాయి.

అప్పుడు లాప్‌టాప్ తెరవాలి. కారులో వచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సార్ 0.45 వోల్టు దగ్గర అటో ఇటో గెంతుతుంది. ఎక్కువా తక్కువా అన్నదే చెబుతుంది, ఎంత అన్నది చెప్పదు. ట్యూనింగ్‌కు వైడ్‌బ్యాండ్ సెన్సార్ కావాలి. నిండా తొక్కినప్పుడు టర్బో పెట్రోలు ఇంజిన్‌కు గాలీ ఇంధనాల పాళ్ళను కొలిచే లామ్డా 0.8 దరిదాపుల్లో, టర్బో లేనిదానికి 0.87 దరిదాపుల్లో ఉండేలా చూస్తారు. లామ్డాతో పనిచేస్తే ఎథనాల్ ఎంత కలిసిందన్న గొడవ కూడా తగ్గుతుంది, ఎందుకంటే అది ఏ ఇంధనానికైనా సరిపాళ్ళను ఒకటిగానే లెక్కిస్తుంది. కాలు తీసినప్పుడు ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటున్నాయా, నిప్పు పడే సమయం అనవసరంగా వెనక్కి జరిగిందా అన్నవి ఈ దశలోనే చూడాలి. నిప్పు ఆలస్యమైతే మంట సగంలో ఉండగానే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. ఆ మంట గొట్టంలోకి నడిచివస్తుంది.

ఇక్కడే ఇంకో రకం యజమానుల సంగతి వస్తుంది. వాళ్ళకు పేలుడు రోగం కాదు, సరదా. ‘పాప్స్ అండ్ బ్యాంగ్స్’ అనే మ్యాప్‌లో కావాలనే నిప్పును ఆలస్యం చేసి, కాలు తీసినా పెట్రోలు పోయిస్తారు. ఈ శబ్దానికి మూలం 1990ల నాటి ర్యాలీ కార్లు. మలుపులో కాలు తీసినా టర్బో తిరుగుతూనే ఉండాలని ఎగ్జాస్ట్‌లోనే మంట పెట్టేవారు. యాంటీ లాగ్ అన్న ఆ పద్ధతిలో టర్బోలు త్వరగా కాలిపోయేవి. ఆ టీములకు మార్చుకునే స్తోమత ఉండేది. ఇంట్లోవాళ్ళ చేత ఈఎంఐ కట్టిస్తూ కొన్న కారు టర్బోను అలా కాల్చడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కేటలిటిక్ కన్వర్టర్ లోపల పింగాణీ తేనెపట్టు లాంటి దిమ్మ ఉంటుంది. అందులో పెట్రోలు పదేపదే మండితే వేడి మితిమీరి అది కరుగుతుంది, దారి మూసుకుపోతుంది. పికప్ కోసం మొదలుపెట్టిన పని పికప్‌నే తినేస్తుంది.

ఊరి మాటా ఉంది. బుల్లెట్ బండి మీద తాళం ఆపి, రేస్ ఇచ్చి, మళ్ళీ తాళం వేసి పటాసు పేల్చే కుర్రాళ్ళను డెల్టా ఊళ్ళు ఎప్పటి నుంచో భరిస్తున్నాయి. కరకట్ట మీద రాత్రి పూట ఆ శబ్దం పొలాల మీదుగా చాలా దూరం పోతుంది. పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది, గుండె జబ్బున్న పెద్దాయన మంచం మీద కూర్చుండిపోతాడు. కట్ట చివర హంసలదీవి వైపు మడ అడవులున్నాయి. 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యం అది, రాత్రిళ్ళు చేపల వేటకు బయల్దేరే బావురుపిల్లికి ఆశ్రయం. అక్కడికి షికారు వెళ్ళే కార్లు గొంతు తగ్గించుకుని వెళ్ళడం ఎంతైనా బాగుంటుంది.

చట్టం కూడా తేలిగ్గా లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్యం కింద మొదటిసారి దొరికితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించే దృశ్యాలు తెలుగు రాష్ట్రాల నగరాల్లో ఇప్పుడు కొత్త కాదు. ఫ్రాన్స్‌లోనైతే 2022లో పారిస్ వీధిలో శబ్దాన్ని బట్టి బండిని గుర్తించే రాడార్లనే నిలబెట్టి పరీక్షించారు. వేగం మీద నిజంగా మక్కువ ఉన్నవాళ్ళకు చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. బందరు నుంచి ఒక రాత్రి ప్రయాణం.

మళ్ళీ మన కారు దగ్గరకు వద్దాం. ఫ్లాంజిని చదును చేసి కొత్త గాస్కెట్ వేశారు. తుప్పు పట్టిన అతుకు కోసేసి స్టెయిన్‌లెస్ ముక్క అతికారు. కన్వర్టర్‌ను, ఫ్యాక్టరీ సైలెన్సర్‌ను తిరిగి పెట్టారు. ఒక కాయిల్ మారింది. ఫిల్టర్ మారింది. ఈసీయూ నేర్చుకున్న పాత లెక్కలన్నీ చెరిపి ఫ్యాక్టరీ మ్యాప్ ఎక్కించారు. ఇక రోడ్డు మీద చూడాలి. బందరులో బయల్దేరి 216వ నంబరు రహదారి మీద చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దాకా. మెకానిక్ పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. పెనుమూడి వంతెన ఎక్కేముందు నాలుగో గేరులో వేగం అందుకుని, వంతెన మీద కాలు పూర్తిగా తీసేయమంటాడు. కుర్రాడు తీస్తాడు. తెరమీద ఇంజెక్టర్ల అంకె సున్నా అవుతుంది. ఇంజిన్ తనను తాను బిగపట్టుకుంటున్న సన్నటి మూలుగు తప్ప ఇంకేమీ వినిపించదు. అద్దం దించితే కింద కృష్ణ మీంచి గాలి వస్తుంది. ట్రిమ్ ప్లస్ 2 దగ్గర నిలుస్తుంది.

‘‘ఇంకోసారి లాగు తమ్ముడూ, చూద్దాం,’’ అంటాడు మెకానిక్.